చుట్టకుదురు

మా మామ్మ కాశమ్మ నడినెత్తిన
రూపాయి బిళ్ళంత మేర జుట్టు మొలవదు.
నలభై ఏళ్ళు తట్ట కూర్చున్న చోటది.

తెల్లారకముందే పెదజాలారిపేట ఇసకలో
తాత తెప్ప ఒడ్డుకి తాకగానే
చేప ఇంక తాతది కాదు, మామ్మది.
వేలంలో గొంతు మామ్మది,
బొడ్లో దోపిన సంచిలో చిల్లర మామ్మది,
సారా కోసం తాత చెయ్యి చాస్తే
పడే పావలా కూడా మామ్మ లెక్కెట్టి వేసిందే.
కానాగంతల తట్టతో కంచరపాలెం దాకా కాలినడక.
నీసు నీళ్ళు చెవుల మీదుగా కారుతుంటే
"బస్సెక్కనిత్తారేటి మనల్ని?" అని నవ్వేది.

అప్పుడెవరూ దాన్ని స్వేచ్ఛ అనలేదు.
కంపు అన్నారు.

నాన్నకి షిప్‌యార్డులో వెల్డరు పని పర్మినెంటయింది.
గాంధీగ్రాం క్వార్టరు, రెండు గదులు, కుళాయి,
తలుపుకి లోపలి గడియ.
"మా ఆడది తట్ట ముట్టదు" అని
షిఫ్టు సైరనంత గట్టిగా చెప్పుకున్నాడు నాన్న.
అమ్మ నూకరత్నం
మొదటి ఏడాది తన చేతుల్లో సబ్బు వాసన చూసుకుని మురిసిందట.
మూడో ఏడాదికి
కూరకి ఐదు రూపాయలు అడగడానికి
నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేదాకా
ఆగడం నేర్చుకుంది.
అత్త ఎప్పుడూ ఎవర్నీ అడిగి ఎరగదని అమ్మకి తెలుసు.
గడియ లోపలివైపే ఉంది.
తీసి ఎక్కడికెళ్ళాలో తెలియలేదు.

దాన్ని ఎదుగుదల అన్నారు.
అబద్ధం కూడా కాదు,
నేను చదువుకున్నది ఆ క్వార్టరు లైటు కిందే.

ఇప్పుడు నేను పోర్టులో
ముప్పై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని
కంటెయినర్లు ఎత్తి దించుతాను.
కాళ్ళ కింద అద్దంలోంచి
ఓడ పొట్ట, లారీల వరస, పచ్చ హెల్మెట్లు.
ఎడమ కిటికీలో డాల్ఫిన్ కొండ ముక్కు.
పేపరోళ్ళొచ్చి ఫొటో తీసి
"తొలి మహిళ" అని పెద్దక్షరాల్లో వేశారు.
చూపిస్తే మామ్మ హెల్మెట్ మీద వేలు పెట్టి
"ఇదేటే, నీ చుట్టకుదురా?" అంది.
బరువు నెత్తిన పడకుండా మామ్మా, అన్నాను.
"పడకపోతే మరి మోసినట్టెలాగ?" అంది.

ఎల్లాజీ, మా ఆయన,
రాత్రి షిఫ్టుకి నాకు బాక్సు కడతాడు.
నెత్తళ్ళ వేపుడులో కారం ఎక్కువ, చెప్పినా వినడు.
పాపకి జడ వేయడం ఫోనులో చూసి నేర్చుకున్నాడు.
పాపిడి మాత్రం ఘాట్ రోడ్డు.
వాళ్ళమ్మ గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు
చేతిలో చీపురు తలుపు వెనక్కి పోతుంది,
పేపరు చేతిలోకి వస్తుంది.
నేనూ, ఎందుకో మరి,
లేచి ఆ చీపురే వెతుక్కుంటాను.
ఆమె వెళ్ళాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోం.

మొన్న ఆదివారం
బాబాయి బోటుకి రంగులేస్తుంటే చూడబోయాం.
అంచు మీద చెయ్యేసి కాలెత్తానో లేదో
"వద్దమ్మా, ఆడకాలు పడితే గంగమ్మకి కోపం" అన్నాడు.
నలభై టన్నులు నా వేలి కింద లేస్తాయి.
ఎత్తిన కాలు దించేశాను.
"గంగమ్మకి కాళ్ళు లేవు గావాల"
అని మామ్మ ఎవరికీ కాకుండా గొణిగింది.

మసకపడ్డాక నన్ను దగ్గరికి లాక్కుంది.
"మీ తాతకి జొరమొచ్చిన ఏడు
తొమ్మిది రాత్రులు తెప్పేసినాను, నానే.
ఆడి లుంగీ కట్టినాను, తలకి గుడ్డ సుట్టినాను.
వలకేటి తెలుస్తాది?
పొద్దున్న ఆ చేపల్నే
మా ఆయన పట్టినాడని అమ్మినాను.
ఎవులికీ సెప్పకే."

ఇంటికొచ్చి
బీరువాకి అంటించిన పేపరు ముక్కలో
"తొలి" అన్న మాటని
పాప రంగు పెన్సిలుతో కొట్టేశాను.
ఎందుకన్నాడు ఎల్లాజీ, బియ్యం కడుగుతూ.
చెప్పకూడదన్నాను.